స్థూలకాయులకు వ్యాయామము, మాంసకృత్తుల పొడి: ఒక విమర్శ

నడక, పరుగు, ఈత, సైకిలు త్రొక్కుట మొదలైనవి ఏరోబిక్ వ్యాయామములు. కండరములు ఎడతెగక పనిచేయుచు, ప్రాణవాయువు సహాయముతో పిండిపదార్థములను, క్రొవ్వును దహించి శక్తిని పొందుటయే వీటి లక్షణము. వీటికి తోడు డబ్బాలలో అమ్ము మాంసకృత్తుల పొడిని త్రాగినచో క్రొవ్వు కరగి కండ పెరుగునని ఒక ప్రచారము కలదు. అందుకు శాస్త్ర పరిశోధనలనే సాక్ష్యముగా చూపుచుందురు. సాక్షిని పిలిచినవారు అతడు చెప్పినదంతయు వినవలెను గదా!

మొదట వ్యాయామము సంగతి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు అధిక బరువు గలవారిపై ఎనిమిది నెలలు జరిపిన ప్రయోగ ఫలితములు 2012లో వెలువడినవి. ఒక వర్గమువారు వారమునకు 12 మైళ్లకు, అనగా సుమారు 19 కిలోమీటర్లకు, సమానమైన ఏరోబిక్ వ్యాయామము చేసిరి. రెండవ వర్గమువారు బరువులెత్తిరి. మూడవ వర్గమువారు రెండును చేసిరి. మొదటివారి బరువు సగటున 1.8 కిలోలు తగ్గినది. బరువులెత్తినవారి బరువు తగ్గకపోగా సుమారు 0.8 కిలో పెరిగినది. కాని ఆ పెరుగుదల క్రొవ్వు వలన కాదు, కండ వలన. త్రాసును మాత్రమే నమ్మువారు ఈ వర్గము చెడిపోయినదని తలచెదరు.

ఇచట తరగతిలో చేయదగిన లెక్క యొకటి కలదు. పరుగెత్తునపుడు కిలో శరీర భారమునకు, కిలోమీటరు దూరమునకు సుమారు ఒక కిలోకాలరీ ఖర్చగును. 80 కిలోల మనిషి 19 కిలోమీటర్లు పరుగెత్తిన 1,520 కిలోకాలరీలు. ఎనిమిది నెలలను 35 వారములుగా తీసికొన్నచో 53,200. కిలో క్రొవ్వునకు 7,700 చొప్పున భాగించినచో దాదాపు 7 కిలోలు తగ్గవలెను. తగ్గినది 1.8 మాత్రమే! లెక్క తప్పలేదు; కొంత మోటుది, అంతే. ఊరక కూర్చున్నను ఖర్చగు శక్తి కొంత ఇందులో చేరియున్నది. అంతకంటె ముఖ్యముగా, శ్రమించిన మనిషికి ఆకలి పెరుగును. మిగిలిన వేళల కదలిక తగ్గవచ్చును. ఈ ప్రయోగములో ఆహార నియమము లేదు.

ఇక మాంసకృత్తులు. ప్రచారకులకు ప్రియమైనది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు 2016 నాటి ప్రయోగము. నలువదిమంది అధిక బరువు గల యువకులకు అవసరమైన శక్తిలో 40 శాతము తగ్గించి ఆహారమిచ్చిరి. కిలో శరీర భారమునకు రోజుకు ఒక వర్గమువారికి 1.2 గ్రాములు, రెండవ వర్గమువారికి 2.4 గ్రాముల మాంసకృత్తులు. నాలుగు వారములలో ఎక్కువ పొందినవారి క్రొవ్వు 4.8 కిలోలు, రెండవవారిది 3.5 కిలోలు తగ్గినది. క్రొవ్వు మినహా మిగిలిన దేహభారము ఒకరికి 1.2 కిలోలు పెరిగినది, మరొకరికి పెరిగినది 0.1 మాత్రమే. ఫలితము మెచ్చదగినదే. కాని వారు వారమునకు ఆరు రోజులు బరువులెత్తుటతో కూడిన కఠినశిక్షణ పొందిన యువకులు. తిండి కొలిచి పెట్టబడినది. సాయంకాలము చెరువుగట్టుపై అరగంట నడచి, ఇంటికి వచ్చి యథాప్రకారము భోజనము చేయు నలుబదియైదేండ్ల వానికి ఈ ఫలితమును అంటగట్టుట న్యాయము కాదు.

అట్టివానికి దగ్గరైన ప్రయోగము వేరొకటి కలదు. దానిని ప్రచారకులు అంతగా తలపెట్టరు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించినది. నడివయసు స్థూలకాయులు 36 వారములపాటు, వారమునకు రెండు రోజులు బరువులెత్తిరి, ఒకరోజు ఏరోబిక్ వ్యాయామము చేసిరి. పాలు విరిచినపుడు మిగులు తేటనుండి తీసిన మాంసకృత్తులను కొందరికి ఇచ్చిరి, కొందరికి ఇవ్వలేదు. వ్యాయామము వలన దేహములో కలిగిన మార్పులకు ఆ పొడి అదనముగా చేర్చినది ఏమియు లేదు.

2011లో ప్రకటితమైన మరియొక అమెరికా ప్రయోగములో వ్యాయామము లేకయే, రోజుకు 56 గ్రాముల అదే మాంసకృత్తులను 23 వారములు తీసికొన్నవారు, పిండిపదార్థపు పానీయము త్రాగినవారికంటె 1.8 కిలోలు తక్కువ తూగిరి. పోలిక దేనితో జరిగినదో చూడవలెను. అదనపు పిండిపదార్థముతో పోల్చి గెలిచిన పొడి, ఏమియు త్రాగనివానితో పోల్చినపుడును గెలుచునని దీనివలన తేలదు.

కారణము శరీరధర్మములోనే కలదు. నడక, పరుగు ముఖ్యముగా కండరములోని రక్తకేశనాళికలను, మైటోకాండ్రియాలను వృద్ధి చేయును. కండను లావు చేయుటకు బరువులు కావలెను. మిగిలిన మాంసకృత్తులను దాచుటకు దేహములో క్రొవ్వువంటి కొట్టు లేదు. వాటి నత్రజని యూరియాగా మూత్రములో పోవును. శేషించిన భాగము దహింపబడును, లేదా క్రొవ్వుగా మారును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు కిలోకు రోజుకు 0.83 గ్రాము చాలునని నిర్ణయించినది. 65 కిలోల వానికి 54 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, గ్రుడ్డులో 6 గ్రాములు లభించును. పప్పులో కొరవడిన మెథియోనిన్ బియ్యములోను, బియ్యములో కొరవడిన లైసిన్ పప్పులోను కలవు. కండ పెంచుటకు పొడులు వాడవద్దని 2024లో ఆ సంస్థ తన మార్గదర్శకములలో సూచించినది.

ఒక చెంచా పొడి, 30 గ్రాములు, సుమారు 120 కిలోకాలరీలు. దానిని గ్లాసెడు పాలలో కలిపి మామూలు భోజనముపై అదనముగా త్రాగినచో మొత్తము 270 దాటును. ముందటి లెక్క ప్రకారము 80 కిలోల మనిషి దానిని ఖర్చు చేయుటకు మూడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తవలెను.