డికాక్షన్‌లో తేలే నూనె

కాఫీ గుండెకు చేటా కాదా అన్న తగువు చాలావరకు వడపోత దగ్గరే తేలుతుంది. అరకులో పండే అరబికా రకం గింజ బరువులో సుమారు 15 శాతం నూనె. కాగిన నీళ్లు పొడిమీద పడితే ఆ నూనెలో కొంత కషాయంతోపాటు దిగుతుంది. అప్పుడే దిగిన చిక్కటి డికాక్షన్‌ను వెలుతురులో వాల్చి చూస్తే పైన సన్నటి మెరుపు కనిపించేది అందుకే. ఆ నూనెలో కెఫెస్టాల్ ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌ను పిత్త ఆమ్లాలుగా మార్చి ఖర్చు చేస్తుంటే, కెఫెస్టాల్ ఆ పనిని మందగింపజేస్తుంది. దాంతో రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

ఈ సంగతికి దారి చూపింది నార్వే. ఉత్తరాన ఉన్న ట్రామ్సోలో కాఫీ ఎక్కువ తాగేవారికి కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా ఉందని 1983లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. అప్పట్లో అక్కడ ముతక పొడిని నీళ్లలో వేసి కాచి, పొడి అడుగుకు చేరాక పైతేట వంచుకుని తాగడం మామూలు. వడకట్టడమే లేదు. తర్వాత 5 లక్షలమందికి పైగా నార్వే వాసులను సగటున 20 ఏళ్లు గమనించిన మరో అధ్యయనం 2020లో వచ్చింది. కాగితంతో వడకట్టిన కాఫీ తాగేవారిలో మరణాలు, అసలు కాఫీ ముట్టనివారిలో కన్నా తక్కువే ఉన్నాయి. అంతమాత్రాన కాఫీని మందుగా తాగనక్కర్లేదు. ఇలాంటి లెక్కల్లో తాగేవారి మిగతా అలవాట్లూ కలిసే ఉంటాయి.

ఆ కాగితం 1908 నాటిది. డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి ఇత్తడి గిన్నెకు మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోట్‌బుక్కులోని అద్దుడు కాగితం పరిచింది. ఆమె వెతికింది మడ్డి లేని కాఫీని. నూనె కూడా ఆగిపోవడం అయాచితంగా దక్కిన లాభం.

మన స్టీలు ఫిల్టర్‌లో చిల్లుల గిన్నె ఉంది, కాగితం లేదు. ఒత్తుగా కూరిన పొడి కొంత నూనెను పట్టి ఉంచినా, మిగిలింది కింది గిన్నెలోకి చేరుతుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ వాటా తగ్గుతుంది కనుక కెఫెస్టాలూ ఆ మేరకు తగ్గుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు చిల్లులమీద గుండ్రంగా కత్తిరించిన ఫిల్టర్ కాగితం వేసుకోవచ్చు. డికాక్షన్ దిగడం ఆలస్యమవుతుంది, ఆ మెరుపూ చాలావరకు పోతుంది.