రెండు చిన్న బళ్లు, ఒక మట్టి దిబ్బ

పిల్లల కోసం చేసిన బండి మీద డెబ్బై ఎనభై కిలోల మనిషి ఎక్కి, మట్టి దిబ్బ మీంచి గాల్లోకి లేచి, కిందికి దిగీ దిగగానే మలుపు తిప్పుకుని వెళ్లిపోయాడంటే, ఆ బండి చేసినవాళ్లకు దండం పెట్టాలి. అమెరికాలో పెద్ద రేసులు జరిగేచోట షెడ్ల మధ్య తిరగడానికి వాడుకున్న బుల్లి బళ్లే పిట్ బైకులు. రాను రాను వాటి మీదే పోటీలు మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో ఇంటి వెనక ఖాళీ జాగాలో దిబ్బలు పోసుకుని, ఆదివారం పూట నలుగురూ కలిసి పందెం వేసుకునేవాళ్లున్నారు. అలాంటివాళ్లు కొనేముందు తరచూ ఆలోచనలో పడేది రెండు బళ్ల దగ్గరే: హోండా సీఆర్‌ఎఫ్110ఎఫ్, కవాసాకి కేఎల్‌ఎక్స్110ఆర్ ఎల్.

పైపైన చూస్తే తేడా కనపడదు. రెండింటికీ ముందు 14 అంగుళాల చక్రం, వెనక 12. నాలుగు గేర్లు, డ్రమ్ బ్రేకులు, బరువు 77 కిలోలకు అటూ ఇటూ. రెండింటిలోనూ సిలిండర్ ముందుకు పడుకుని ఉంటుంది. 1958 నాటి హోండా సూపర్ కబ్‌తో లోకమంతా పాకిన అమరిక ఇది. మన వీధుల్లో తిరిగే స్ప్లెండర్‌ను పక్కనుంచి చూసినా ఆ పోలిక తెలుస్తుంది. ఇంజిన్ బరువు కిందికి ఉండడంతో బండి మలుపులో ఇట్టే ఒరుగుతుంది, ఇట్టే లేస్తుంది.

ఇంజిన్ లోపలికి వెళితే ఇద్దరు పనివాళ్ల మనసులు వేరని అర్థమవుతుంది. హోండా సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 55.6. కవాసాకిలో వ్యాసం 53, నడక 50.6. ఒకటి 109 సీసీ, మరొకటి 111. నడక పొడుగున్న హోండా తక్కువ వేగంలోనే నిదానంగా, బలంగా లాగుతుంది. కవాసాకి పైకి తిరగడానికి ఉత్సాహపడుతుంది. 2013లో వచ్చిన హోండాకు 2019లో ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. దూకేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు నేల తాకిన కుదుపుకు ఎగిసిపడి, ఇంజిన్ ఒక్క క్షణం దమ్ము పట్టలేకపోవచ్చు. ఇంజెక్షన్‌కు ఆ బాధ లేదు. కవాసాకి కార్బొరేటర్‌నే నమ్ముకుంది.

అసలు తేడా ఎడమచేతి దగ్గర ఉంది. హోండాకు క్లచ్ లివరే లేదు. ఇంజిన్ వేగాన్ని బట్టి క్లచ్ తనే పట్టుకుంటుంది, తనే వదులుతుంది. గాల్లో ఉన్నప్పుడు బండి ముక్కు మరీ పైకి లేస్తే వెనక బ్రేకు ఒక్కసారి నొక్కి దాన్ని దించుతారు. మామూలు క్లచ్ ఉన్న బండిలో ఆ క్షణాన లివర్ పట్టకపోతే చక్రంతో పాటు ఇంజిన్ కూడా ఆగిపోవచ్చు. హోండాలో ఆ భయం ఉండదు. కొత్తగా దూకడం నేర్చుకునేవాడికి ఇంతకు మించిన దయ లేదు. అయితే పందెం మొదట్లో గేటు పడినప్పుడు, మలుపు చివర ఇంజిన్ నీరసపడినప్పుడు, లివర్‌ను రెండు వేళ్లతో కొద్దిగా పట్టి వదిలి ఊపు తెచ్చుకునే వీలు కవాసాకి ఎల్‌కే ఉంది. దిబ్బకు ముందు నాలుగు బారల దూరమే ఉన్న ట్రాకులో ఆ ఊపే దూరాన్ని నిర్ణయిస్తుంది.

ఇక దిగడం. మీటరు ఎత్తు నుంచి చదునైన నేల మీద పడితే బండి గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆ వేగమంతా 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్ కదలికలో చావాలంటే గురుత్వానికి పది రెట్ల దెబ్బ. 140 మిల్లీమీటర్లుంటే ఏడు రెట్లే. హోండా ముందు ఫోర్కు కదలిక సుమారు 100. ఎల్‌కు ముందు 140, వెనక 132. సీటు ఎత్తు కూడా హోండాకు 658 మిల్లీమీటర్లు, ఎల్‌కు సుమారు 730. పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకోవడానికి, లేచి నిలబడడానికి ఆ కాస్త జాగా చాలా పనికొస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకునేది మాత్రం ఎవరూ వంగి చూడని చోటు. ఈ బళ్లలో ఫుట్‌రెస్ట్‌ల పట్టీని ఇంజిన్ కేసు అడుగునే బోల్టులతో బిగిస్తారు. దూకేవాడు నిలబడేది దాని మీదే కాబట్టి, దిగినప్పటి దెబ్బ పాదాల నుంచి పట్టీకి, పట్టీ నుంచి అల్యూమినియం కేసుకు, అక్కడి నుంచి బోల్టుల ద్వారా ఫ్రేముకు చేరుతుంది. అంటే ఇంజిన్ శక్తిని ఇవ్వడమే కాదు, మనిషి బరువునూ మోస్తోంది. చిన్నపిల్లల బరువుకు లెక్కగట్టిన ఈ అమరికలో తయారీదారులు మిగిల్చిన అదనపు బలమే పెద్దవాళ్లను ఇన్నేళ్లుగా భరిస్తోంది. ఆ మిగులును నేను గొప్ప పనితనం అంటాను. దానికీ హద్దుంది. అందుకే వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బీబీఆర్ మోటార్‌స్పోర్ట్స్ లాంటివాళ్లు ఇంజిన్ కింద నుంచి చుట్టి ఫ్రేముకు కలిపే ఉక్కు క్రేడిల్ చేసి అమ్ముతారు. అది పెడితే దెబ్బ కేసు ఒక్కదాని మీదే పడకుండా కొంత నేరుగా ఫ్రేముకు చేరుతుంది.

పనితనం మాత్రమే చూస్తే నా ఓటు హోండాకే. పొద్దున్నే ఒక్క బటన్ నొక్కితే పలికే ఇంజిన్, ఎవరు ఎక్కినా ఇంజిన్‌ను ఆగనివ్వని క్లచ్, ఇంట్లో పిల్లలూ పెద్దలూ పంచుకోగల ఎత్తు. కానీ ఇక్కడ మాట దూకడం, సరదా పందాల గురించి కదా. అందుకు కవాసాకి ఎల్ కొనాలి. కొన్నాక చాలామంది ముందు పెద్ద సిలిండర్ కిట్ కోసం వెతుకుతారు. ఆ డబ్బుతో మొదట తమ బరువుకు తగిన గట్టి స్ప్రింగులు ముందూ వెనకా వేయించి, క్రేడిల్ బిగించుకోవాలి. కిట్ సంగతి తరవాత.