దేశకాలవిరోధం: ‘కెప్టెన్ బ్లడ్’ చిత్రంలో దోషవిచారణ

దండి ‘కావ్యాదర్శం’లో చెప్పిన పది కావ్యదోషాలలో చివరిది దేశకాలాది విరోధం. కవి కౌశలం వల్ల ఆ విరోధమే ఒక్కొక్కప్పుడు గుణం కాగలదని కూడా ఆయన అంగీకరించాడు. చారిత్రక చలనచిత్రాలలో తప్పులేరి పట్టికలు వేసే విమర్శ ఈ రెండో మాటను మరచిపోతూ ఉంటుంది. మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో 1935లో వచ్చిన సముద్రదొంగల చిత్రం ‘కెప్టెన్ బ్లడ్’ అటువంటి పట్టికలకు అనువైనదే. అయితే అందులోని తప్పులన్నీ ఒక్క జాతివి కావు.

చిత్రానికి ఆధారం 1922 నాటి రఫాయెల్ సబాటినీ నవల. 1685లో మన్మత్ తిరుగుబాటు అణగారిన తరువాత, గాయపడిన తిరుగుబాటుదారుకు చికిత్స చేసిన నేరానికి వైద్యుడు పీటర్ బ్లడ్ శిక్షితుడై దీవులకు చేరుతాడు. నవలలో ఆ దీవి బార్బడోస్. చిత్రంలో జమైకాలోని పోర్ట్ రాయల్. చరిత్ర నవల పక్షాన ఉంది: ఆ తిరుగుబాటులోనే శిక్షపడిన హెన్రీ పిట్‌మన్ అనే శస్త్రవైద్యుడు బార్బడోస్‌కే వెళ్లి, 1687లో పడవపై తప్పించుకున్నాడు. చిత్రంలో వాతరోగంతో మూలిగే గవర్నరు పేరు స్టీడ్. వాస్తవంలో ఎడ్విన్ స్టీడ్ ఆ సంవత్సరాలలో పాలించినది బార్బడోస్‌ను. కథ దీవి మారింది, గవర్నరు పేరు మాత్రం వెంట వచ్చింది. అతుకు కనబడుతున్నదన్న మాట నిజమే. కాని ఈ మార్పు వల్ల బ్లడ్ పది పౌన్లకు అమ్ముడుపోయిన ఊరికే చివరకు గవర్నరవుతాడు. నవలలో రెండు దీవుల మధ్య చెదిరిన ఈ వైపరీత్యం తెరపై ఒక్కచోట కుదురుకున్నది. దండి మినహాయింపు ఇక్కడ వర్తిస్తుంది.

నౌకాయుద్ధాల విషయంలో ఆ మినహాయింపు చెల్లదు. 1924 నాటి మూకీ చిత్రం ‘ది సీ హాక్’ దృశ్యఖండాలను నిర్మాతలు ఇందులో అతికించారు. ఆ మూకీ కథ పదహారో శతాబ్దిది. వందేళ్ల నాటి ఓడలు పక్క షాట్‌లోని ఓడతో పొసగవు. ఇది పొదుపు కోసం చేసిన పని. కళాప్రయోజనం వెదకడం అనవసరం.

పట్టికలకు ఎక్కని లోపం వేరొకటుంది. తిరుగుబాటుదారులకు రాజు విధించినది పదేళ్ల నిర్బంధశ్రమ. చిత్రం దానిని బానిసత్వమనే పిలుస్తుంది, కొరడాదెబ్బలను, కాల్చి వేసే ముద్రలను తెల్లవారి దేహాలపైనే చూపుతుంది. ఆనాటి జమైకాలో ఆఫ్రికన్ బానిసలు తెల్లవారికంటె అధికసంఖ్యాకులు. వారిని తరలించిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి అధిపతి రెండవ జేమ్సే. చిత్రం క్రూరుడని నిందించే రాజు ఆయనే! ఇంగ్లీషువారిని అమ్మించిన పాపం ఆయన ఖాతాలో పడింది, ఆఫ్రికన్లను అమ్మించినది ప్రస్తావనకే రాలేదు. ఈ విరోధం ఏ నాటకీయ ప్రయోజనాన్నీ సాధించలేదు. పైగా స్వేచ్ఛ అనే ప్రధానవస్తువునే కుంచింపజేసింది. తిరగబడిన బందీలు ఓడను పట్టుకుని దీవి విడుస్తున్నప్పుడు, చెరకుతోటలలో మిగిలినవారెవరన్న ప్రశ్న కథలో ఏ పాత్రకూ తట్టదు. విలియం రాజ్యానికి వచ్చాక బ్లడ్ గవర్నరు పీఠంలో కూర్చుంటాడు. ఆ తోటలు అప్పుడు ఆయన ఏలుబడిలోనివే.