రెండోసారి బంతి ఎవరిస్తారు?

అమెరికా బేస్‌బాల్‌లో ఒక ఉద్యోగం ఉంది. దాదాపు మూడు గంటల ఆటలో ఎక్కువ సేపు ఊరికే కూర్చోవాలి. మైదానం అంచున కంచె వెనక చిన్న ఆవరణ, అందులో ఒక టెలిఫోన్. అది మోగితే లేచి భుజం వేడెక్కించుకోవాలి. మళ్లీ మోగి ‘ఇవాళ అక్కర్లేదు’ అంటే కూర్చోవాలి. పిలుపు వచ్చిందా, ఎనిమిది ఇన్నింగ్స్ పాటు మిగతావాళ్లు చెమటోడ్చి సంపాదించిన ఆధిక్యాన్ని చేతుల్లోకి తీసుకుని చివరి ముగ్గురినీ అవుట్ చేసి రావాలి. చేసి వస్తే అది మామూలు విషయం. చెయ్యలేకపోతే మర్నాడు పత్రికల నిండా అతని పేరే. ఇలా మధ్యలో వచ్చేవాణ్ణి రిలీఫ్ పిచర్ అంటారు, వాళ్లలో ఆట ముగించేవాడు క్లోజర్.

మా నరసన్నపేటలో బేస్‌బాల్ ఎవరూ ఆడరు. ఆడేదల్లా టెన్నిస్ బంతి క్రికెట్. కానీ ఆ ఉద్యోగం ఇక్కడా ఉంది. ఆఖరి ఓవర్ ఎవడో ఒకడు వెయ్యాలి కదా.

పండగ టోర్నమెంట్లు చూసేవాళ్లకు ఆ క్షణం బాగా తెలుసు. ఆరు బంతులు మిగిలాయి, పదకొండు పరుగులు కావాలి. కెప్టెన్ బంతి పట్టుకుని చుట్టూ చూస్తాడు. అంతవరకూ ‘నాకియ్యి, నాకియ్యి’ అన్నవాళ్లే చూపు తిప్పుకుంటారు. ఒకడు వంగి బూటు లేసు సవరించుకుంటాడు. ఇంకొకడు పైకే అనేస్తాడు: ‘నానెయ్యలేను మావా, మరొకడికియ్యి.’ ఒక సంక్రాంతి పోటీలో నేను గట్టుమీద నుంచి చూస్తుండగా ఒక బక్కపల్చటి కుర్రాడు అడగకుండానే ముందుకొచ్చి బంతి తీసుకున్నాడు. మొదటి నాలుగు బంతులూ బ్యాటర్ బూట్ల దగ్గరే పడ్డాయి. నాలుగు సింగిల్స్. అయిదోదానికి రెండు. ఇక అయిదు పరుగులు కావాలి, ఒకటే బంతి. అది చేతిలో జారింది. నడుం ఎత్తున ఫుల్ టాస్. బంతి కొబ్బరిచెట్ల మీదుగా వెళ్లింది.

అయిదు బంతులు అంత బాగా వేసినవాడు మా చుట్టుపక్కల మరొకడు నాకు కనబడలేదు. ఆ అయిదింటి గురించీ ఎవరూ మాట్లాడలేదు. తిట్టినవాళ్లు కూడా తక్కువే. అంతకంటే కఠినమైన పని చేశారు, ఇంకెప్పుడూ అతనికి ఆఖరి ఓవర్ ఇవ్వలేదు. కొన్నాళ్లకు మధ్య ఓవర్లు కూడా తగ్గాయి. ఆ తర్వాత అతనే బౌలింగ్ మానేశాడు. ఆ ఓవర్ చూసినప్పటి నుంచి ఆట ముగించేవాళ్ల కథలు ఎక్కడ దొరికినా చదువుతూ వస్తున్నాను. వాటన్నిటిలోనూ నేను వెతుకుతున్నది ఒక్కటే. చెడగొట్టిన మర్నాడు వాడికి బంతి ఎవరిచ్చారు?

క్లోజర్లలో అందరికంటే గొప్పవాడు మారియానో రివేరా. పనామాలోని ప్యూర్టో కైమిటో అనే బెస్తల ఊరు అతనిది. తండ్రి చేపల పడవ నడిపేవాడు, ఇతనూ ఆ పడవ మీద పనిచేశాడు. చిన్నప్పుడు పాలడబ్బాల అట్టలే చేతి గ్లవ్స్, చెట్టుకొమ్మలే బ్యాట్లు. మన భావనపాడు, కళింగపట్నం తీరాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ బాల్యం కొత్తగా అనిపించదు. 1995లో న్యూయార్క్ యాంకీస్ జట్టులోకి వచ్చినప్పుడు ఆట మొదలుపెట్టే పిచర్‌గానే వేయించారు. అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. మరుసటి ఏడాది చివరి ఇన్నింగ్స్‌కు ముందు వచ్చే సహాయకుడయ్యాడు. 1997లో క్లోజర్ బాధ్యత అప్పగించారు.

ఆ ఏడాదే అతని చేతికి ఒక బంతి దొరికింది. సహచరుడు రామిరో మెండోజాతో ఊరికే క్యాచ్‌లు ఆడుతుంటే, విసిరిన బంతి చివర్లో తనంతట తానే పక్కకు తిరుగుతోంది. దాన్నే కట్టర్ అంటారు. నేరుగా వస్తున్నట్టే వచ్చి, బ్యాట్ కదిలాక, ఆఖరి క్షణంలో ఎడమచేతి బ్యాటర్ చేతుల మీదికి దూసుకొస్తుంది. బ్యాట్ మధ్యభాగానికి తగలాల్సింది పిడి దగ్గర తగిలి కర్ర విరుగుతుంది. 2013లో అతను రిటైరవుతున్నప్పుడు మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతోనే ఒక ఊగే కుర్చీ చేయించి కానుకగా ఇచ్చింది. అతని వృత్తి మొత్తం ఆ కుర్చీలో కనిపిస్తుంది. దాదాపు ఒకే రకం బంతి, ఏం వస్తుందో బ్యాటర్‌కూ తెలుసు, అయినా కొట్టలేడు.

కానీ నేను చెప్పదలచుకున్నది 1997 అక్టోబర్ సంగతి. క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న ప్లేఆఫ్ మ్యాచ్‌లో యాంకీస్ ఒక్క పరుగు ముందున్నారు. ఇంకో నలుగురిని అవుట్ చేస్తే సిరీస్ వాళ్లదే. శాండీ ఆలోమర్ రివేరా బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ మ్యాచ్ పోయింది, తర్వాతి మ్యాచ్ కూడా పోయింది, ఆ ఏడాది అక్కడితో ముగిసింది. క్లోజర్‌గా మొదటి ఏడాది. వేరొకణ్ణి వెతుక్కోవడానికి అంతకంటే మంచి సాకు ఏముంటుంది? మేనేజర్ జో టోరీ వెతుక్కోలేదు. 1998లో బంతి రివేరాకే ఇచ్చాడు. 1998, 1999, 2000 - వరసగా మూడేళ్లు ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు ఆఖరి బంతి వేసింది రివేరానే. 2001 ప్రపంచ సిరీస్ ఏడో మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌లో అరిజోనా చేతిలో మళ్లీ దెబ్బతిన్నాడు. మళ్లీ బంతి అతని చేతికే వచ్చింది. అలా 2013 వరకూ. మొత్తం 652 మ్యాచ్‌లు కాపాడాడు. 2019లో ఓటేసిన ఒక్కరూ కాదనకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన మొట్టమొదటి ఆటగాడు అతనే.

ఇలా కాపాడిన ఆటలను ‘సేవ్’ అంటారు. ఆ లెక్కను ప్రచారంలోకి తెచ్చింది జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ అనే షికాగో విలేకరి, 1969 నుంచి అది అధికారిక గణాంకం. అంతకుముందు ఆట ముగించేవాడి పనికి లెక్కే లేదు. ఒక పాత్రికేయుడు పట్టించుకుంటే ఒక వృత్తికి గుర్తింపు వచ్చింది, అది నాకు సంతోషం. అయితే కాపాడలేకపోయిన ఆటలనూ లెక్కపెడతారు గానీ, ఆ మర్నాడు బంతి అందించిన చేతిని లెక్కపెట్టే గడి మాత్రం ఏ స్కోరు పుస్తకంలోనూ లేదు.

మన క్రికెట్‌లో ఆ గడి ఉండి ఉంటే చేతన్ శర్మ కథ వేరుగా చెప్పుకునేవాళ్లం. 1986 ఏప్రిల్ 18, షార్జా. ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. యార్కర్ వెయ్యబోతే ఫుల్ టాస్ అయింది, పాకిస్తాన్ బ్యాటర్ మియాందాద్ సిక్స్ కొట్టాడు. అప్పటికి చేతన్ వయసు ఇరవై. ఆ వేసవిలోనే ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో పది వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది నాగపూర్‌లో ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ సాధించాడు. సెలెక్టర్లు బంతి ఇచ్చారు. జనం మాత్రం ఇవ్వలేదు. ఈరోజుకీ ఆ పేరు వినగానే షార్జా అంటారు తప్ప నాగపూర్ అనరు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, ఎన్నేళ్లయినా అన్యాయమే.

మన తెలుగు రాష్ట్రాల్లో రెండోసారి బంతి అందుకున్నవాళ్లలో మహమ్మద్ సిరాజ్‌ను మించి ఎవరున్నారు? హైదరాబాద్‌లో ఆటోడ్రైవర్ కొడుకు. మన కుర్రాళ్లలాగే టెన్నిస్ బంతితో పెరిగాడు. 2019 ఐపీఎల్‌లో కోల్‌కతా మీద రెండు బీమర్లు పడి ఓవర్ మధ్యలోనే బౌలింగ్ నుంచి తప్పించారు. ‘పోయి నాన్నతో ఆటో నడుపుకో’ అన్నారట జనం, ఆ మాట తర్వాత అతనే చెప్పుకున్నాడు. బెంగళూరు జట్టు అతన్ని వదులుకోలేదు. 2020లో అదే కోల్‌కతా మీద కోహ్లీ బంతి ఇచ్చాడు. నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అయ్యాడు.

2025 జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతనికి చోటు దక్కలేదు. కొత్త బంతి ఇవ్వకపోతే సిరాజ్ పదును తగ్గుతుందని అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ కారణం చెప్పాడు. పాత బంతితో ముగించే పనికి పనికిరాడన్నట్టే. ఆ ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్ మీద ఓవల్ టెస్టు ఆఖరి ఘట్టానికి చేరింది. నాలుగో రోజు హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టి, అడుగు వెనక్కి వేసి తాడు తొక్కాడు. క్యాచ్ పోయి సిక్స్ అయింది. బ్రూక్ 111 కొట్టాడు. ఆ సాయంత్రానికే మ్యాచ్ ఓడి ఉంటే సిరాజ్‌కూ ఒక షార్జా మిగిలేది.

ఓడలేదు. వెలుతురు చాలక, వాన వల్ల ఆట ఆగింది. ఆగస్టు 4 ఉదయం ఇంగ్లండ్‌కు 35 పరుగులు, మనకు నాలుగు వికెట్లు కావాలి. కొద్ది ఓవర్లలో కొత్త బంతి తీసుకునే అవకాశం వచ్చినా కెప్టెన్ గిల్ తీసుకోలేదు. పాతదే స్వింగ్ అవుతోంది, దాన్నే సిరాజ్ చేతిలో ఉంచాడు. జేమీ స్మిత్ కీపర్‌కు చిక్కాడు. ఓవర్టన్ ఎల్బీడబ్ల్యూ. అవతల టంగ్‌ను ప్రసిధ్ కృష్ణ బౌల్డ్ చేశాడు. కీలు తప్పిన భుజాన్ని స్వెటర్ లోపల కట్టుకుని క్రిస్ వోక్స్ ఒంటిచేత్తో వచ్చి నిలబడ్డాడు. చివరికి ఏడు పరుగులు మిగిలాయి. సిరాజ్ పరుగెత్తుకొచ్చి ఆట్కిన్‌సన్ కాళ్ల దగ్గరికి పూర్తి వేగంతో యార్కర్ వేశాడు. ఆఫ్‌స్టంప్ లేచిపోయింది. ఆరు పరుగుల గెలుపు, టెస్టుల్లో భారత్‌కు పరుగుల పరంగా అతి చిన్న గెలుపు ఇదే. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకు పైగా వేసిన మనిషి, 25వ రోజున వేసిన బంతి అది.

నేనా యార్కర్ ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ గిల్ చెయ్యి గుర్తొస్తుంది. ముందురోజు తాడు తొక్కినవాడికే, కొత్త బంతి లేకపోతే పదునుండదని పేరుపడినవాడికే, పాత బంతి ఇచ్చిన చెయ్యి అది.

అందరి కథా ఇలా ముగియదు. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లను 2008లో ఒక టీవీ పోటీ ద్వారా ఎంచుకుని బేస్‌బాల్ ఆడించడానికి అమెరికా తీసుకెళ్లారు. వాళ్ల జీవితం మీద సినిమా కూడా వచ్చింది. పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. దినేశ్ రెండేళ్లకే తిరిగొచ్చాడు. ఎడమచేతి రింకూ రిలీఫ్ పిచర్‌గా కిందిస్థాయి లీగుల్లో కొన్నేళ్లు నిలబడ్డాడు. తర్వాత మోచెయ్యి దెబ్బతింది. మేజర్ లీగ్ చేరలేదు, చివరికి రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. అంతకుముందు బేస్‌బాల్ ఎరగని మనిషి అక్కడ ఆటనే బతుకుతెరువుగా చేసుకుని అన్నేళ్లు మళ్లీ మళ్లీ బంతి అందుకోవడం చిన్న విజయమని నేననుకోను.

ఇక మన సంగతి. పక్కనున్న టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ను 2025 ఐపీఎల్ కోసం ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంది. అప్పటినుంచి మా వైపు నెట్స్‌కు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రుల ఉత్సాహం చూడముచ్చటగా ఉంది. కానీ ప్రతి తండ్రీ అడిగేది ఒకటే, మావాడికి కొత్త బంతి ఇస్తారా అని. కోచ్‌లు నేర్పేదీ ఎక్కువగా అదే. ఆఖరి ఓవర్ ధైర్యం పుట్టుకతో వస్తుందనీ, కొందరికి ఉంటుంది కొందరికి ఉండదనీ ఒక నమ్మకం. నేనది నమ్మను. క్రీజు మీద ఖాళీ సీసా పెట్టి దానికేసి విసిరితే యార్కర్ వస్తుంది. చెయ్యి వేగం తగ్గించకుండా బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకుంటే స్లో బాల్ వస్తుంది. తడిగుడ్డతో తుడిచిన బంతితో సాధన చేస్తే చెమటకు జారడం తగ్గుతుంది. ఇవన్నీ పనులు, నేర్చుకుంటే వచ్చేవి. ధైర్యం మాత్రం ఓడిన మర్నాడు బంతి మళ్లీ చేతికొచ్చినప్పుడే మొదలవుతుంది.

అందుకే కోచ్‌లను కోరుతున్నాను. రోజూ సాధనలో చివరి అరగంట పాత బంతికి కేటాయించండి. ఆరు బంతులు, పది పరుగులు అని లెక్క పెట్టి వేయించండి. ఆ రోజు ఓడినవాడి చేతే మర్నాడు మళ్లీ వేయించండి. తల్లిదండ్రులు ఇంటికెళ్లాక ‘ఆ బంతి అలా ఎందుకేశావ్’ అని అడిగేముందు, ఆ ఓవర్ వెయ్యడానికి ముందుకొచ్చినందుకు భుజం తట్టండి. ఈ సంక్రాంతికి పోటీలు పెట్టే కమిటీలకూ ఒక విన్నపం: మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కప్పు పక్కన ఆఖరి ఓవర్ వేసినవాడికి ఒక చిన్న బహుమతి పెట్టండి. మ్యాచ్ ఓడినా సరే, అది అతనికే ఇవ్వండి.