హోషి మూల, దూరే రాయి

గో ఆట బల్ల మీద గీతలు కలిసే చోట్లు 361 ఉన్నా, తొలి రాయిని నడిబొడ్డున పెట్టేవాళ్ళు అరుదు. తొమ్మిది చోట్లను చుట్టడానికి మూలలో ఆరు రాళ్ళు చాలు. అంచున తొమ్మిది, నడుమన పన్నెండు కావాలి. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలున్న స్థలానికి ప్రహరీ ఖర్చు తగ్గినట్టే. అందుకే చైనావాళ్ళు మూలను బంగారమన్నారు, అంచును వెండన్నారు, నడుముని గడ్డి కింద జమకట్టారు.

సరే, మూలలో ఎక్కడ? తగువంతా అక్కడే. జపాన్‌లో చాలాకాలం కొమొకుదే పెద్దరికం: ఓ అంచు నుంచి మూడో గీత, రెండో అంచు నుంచి నాలుగోది కలిసే చోటు. రెండు వైపులా నాలుగో గీతైతే హోషి. రెండు వైపులా మూడోదైతే సాన్‌సాన్, హోనింబో అనే గో ఆటగాళ్ళ వంశానికి అది నిషిద్ధం. 1933లో ఆ వంశ పెద్ద షూసాయ్ ఎదుట కూర్చుని, పందొమ్మిదేళ్ళ గో సైగెన్ మొదటి రాయి అక్కడే పెట్టాడు! తర్వాతది హోషి, మూడోది నడిబొడ్డు. ఆట నెలల తరబడి సాగి రెండు పాయింట్లతో షూసాయ్‌కే దక్కింది. అయినా ఈనాటికీ చెప్పుకునేది ఓడినవాడి మొదటి మూడు రాళ్ళ గురించే.

నాకు హోషి ఇష్టం. అది మూలను తాళం వేసి ఉంచదు. అవతలివాడు సాన్‌సాన్‌లోకి దూరితే మూల వాడిది, బయట గోడ మనది. ఆరంభంలోనే అలా దూరితే గురువులు కేకలేసేవారు, గోడ ఊరికే ఇచ్చేస్తున్నావని. 2016 చివర, 2017 మొదట్లో మాస్టర్ పేరుతో ఆన్‌లైన్‌లో 60 ఆటలు గెలిచిన కంప్యూటర్ ప్రోగ్రాం ఆల్ఫాగో ఆ పనే చేసింది. ఆ తర్వాత ప్రొఫెషనల్సూ అదే బాట పట్టారు. కిటుకు దూరడంలో కాదు, ఆగడంలో ఉంది. పాత వరసలో దూరినవాడు రెండో గీత మీద వంగి, ఆ రాయిని కలుపుకునేవాడు. దాంతో ఎదుటి గోడ బిగుసుకునేది. యంత్రం ఆ రెండూ ఆడకుండా, గోడలో లొసుగు అలాగే ఉంచి, ఇంకో మూలకు పోయింది.

మా స్థాయి ఆటగాళ్ళు దూరడం మాత్రం నేర్చుకుని, చెయ్యి అలవాటుకొద్దీ ఆ పాత వరస పూర్తిచేస్తారు. నాకదే పండగ. ఇక నేను చూసుకోవాల్సింది ఒక్కటే, ఏ వైపు అడ్డుకోవాలో. కుడి అంచు మీద నా రాయి ముందే ఉండి, ఆ మూలకు రెండో అంచంతా వాడిదైతే, కుడివైపే అడ్డుకుంటాను. గోడ ఆ రాయి వైపు చూడాలి మరి. అటు తిరిగిన గోడ ముందు వాడి రాయి దిగితే, దాన్ని తరుముతూనే నాకు చోటు పెరుగుతుంది.