ఇంటి సంగతి అనే జవాబు

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను వేరుగా బతకమన్న పద్ధతిని మన తెలుగు పత్రికలు ఎన్నో ఏండ్లు 'వర్ణ వివక్ష' అని రాశాయి. వర్ణమంటే రంగు. నాలుగు మెట్ల వర్ణం కూడా అదే మాట. ఆ పదం ఎంచుకున్న సబ్‌ఎడిటర్లు ఏమనుకున్నారో గానీ, ఢిల్లీ అధికారులు విడదీయడానికి తంటాలు పడ్డ రెండు సంగతులను ఒక్క మాటలో కట్టేశారు.

2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 దాకా డర్బన్‌లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష వ్యతిరేక సభ జరిగింది. కులం సంగతి అక్కడ మాట్లాడాలని దళిత సంఘాలు పట్టుబట్టినయి. కులం జాతి కాదు, అది మా దేశం లోపలి విషయం, మా రాజ్యాంగం చూసుకుంటుంది అన్నది ప్రభుత్వ వాదన. ఆంద్రె బెతెయ్ వంటి పేరున్న సామాజిక శాస్త్రవేత్తలు కూడా కులాన్ని జాతితో కలపొద్దనే రాశారు.

కులం జాతి కాదని మేమూ ఒప్పుకుంటాం. అంటరానితనానికి జాతి మూలం లేదని బాబాసాహెబ్ 1948లోనే 'ది అన్‌టచబుల్స్'లో వాదించారు. అయితే అసలు ప్రశ్న అది కాదు. జాతి వివక్ష నిర్మూలనపై 1965లో వచ్చిన ఒడంబడిక మొదటి అధికరణం జాతి, రంగులతో ఆగలేదు, 'వంశం' అనే మాట కూడా చేర్చింది. వంశమంటే పుట్టుక. ఆ మాటను ఆనాడు ప్రతిపాదించింది భారతదేశమే! 1968లో ఒడంబడికను ధ్రువీకరించిందీ మన ప్రభుత్వమే. తాను పెట్టించిన మాటకు తన దగ్గరికి వచ్చేసరికి అర్థం మార్చింది. ఒడంబడిక అమలును చూసే కమిటీ 1996లోనే ఈ వాదన ఒప్పుకోలేదు. 2002లో కులం వంటి వ్యవస్థలు వంశం కిందికే వస్తాయని విడమరిచి చెప్పింది. 2006 డిసెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ అంటరానితనాన్ని అపార్థీడ్‌తో పోల్చారు. రెండు నెలలు తిరగకముందే జెనీవాలో ఆయన ప్రభుత్వ ప్రతినిధులు మళ్లీ పాత పాటే పాడారు. దక్షిణాఫ్రికాలో భారతీయులకు జరిగే అన్యాయం ఆ దేశపు ఇంటి సంగతి కాదని 1946లో సమితి ముందు వాదించింది కూడా ఇదే దేశమని పాఠకులు గుర్తుంచుకోవాలి.

డర్బన్, జెనీవా దూరమనుకుంటే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఉన్న ఊర్లకు రండి. ఇక్కడ చాలా ఊర్లలో గ్రామాభివృద్ధి కమిటీ ఉంటది. వీడీసీ అంటరు. దానికి ఎన్నిక లేదు, చట్టం లేదు, పంచాయతీ బోర్డు మీద పేరుండదు. కానీ బెల్టు షాపు వేలం దాని చేతిలో, జరిమానా దాని చేతిలో. మాట వినని దళిత వాడను అది వెలేస్తది. కిరాణం ఇయ్యరు. ఆటో ఎక్కించుకోరు. దున్నడానికి ట్రాక్టరు రాదు, కూలికి పిలవరు. వాళ్లతో మాట్లాడినవాళ్లకూ దండుగ. ఆ చాటింపు వేసే డప్పు కూడా చాలాచోట్ల మాదిగ చేతిలోదే.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు ఊరి పటేండ్ల చేతిలో లేని కూలి కొంతైనా ఉండేది. 2002లో దాన్ని ప్రైవేటుకు ఇచ్చారు, 2015 డిసెంబరులో మూతపడింది. ఊరి బయట కూలి లేనివాడికి వెలి ఎంత బరువో చెరుకు కొట్టిన ఇండ్లల్ల పుట్టిన మాకు ఒకరు చెప్పనక్కర లేదు.

బాధితులు ఠాణాకు పోతే వచ్చే జవాబు ఏమిటి? ఇది ఊరి పంచాయితీ, మీలో మీరు కూచుని మాట్లాడుకోండి అని. శాంతి సమావేశం పెడతరు, రాజీ కాగితం రాస్తరు. జెనీవాలో చెప్పిందీ ఇదే కదా! అక్కడ దేశం ఇంటి సంగతి, ఇక్కడ ఊరి ఇంటి సంగతి.

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టళ్ల నుంచి తీసేసిన ఐదుగురు విద్యార్థుల్లో ఒకడు. వాళ్లు తమ గుడారానికి పెట్టుకున్న పేరు వెలివాడ. ప్రభుత్వం వేసిన రూపన్వాల్ కమిషన్ అతను షెడ్యూల్డు కులంవాడే కాదన్నది. 2024లో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదికా అదే అన్నది. నిరసన లేచాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఇక్కడా వెలి ఎట్ల జరిగిందనే ప్రశ్న వెనక్కి పోయి, సర్టిఫికెట్ ప్రశ్న ముందుకొచ్చింది.

చట్టం లేక కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్‌సీ) సాంఘిక, ఆర్థిక బహిష్కరణను, దాని బెదిరింపును కూడా నేరమన్నది. విధి కావాలని నిర్లక్ష్యం చేసే, ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగికి సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. ఊర్లకు పోయే మిత్రులు రాజీ కాగితం మీద సంతకం పెట్టించకముందే ఈ రెండు సెక్షన్లూ ఫిర్యాదులో పేరు పెట్టి రాయించాలి. వెలి చాటింపుకు రాతకోతలు దొరకవు కాబట్టి ఏ రోజు ఏ దుకాణం సరుకు ఇయ్యలేదో, ఏ ఆటో ఆగలేదో, ఎవరికి ఎంత దండుగ పడ్డదో తేదీ వేసి రాసుకోవాలి.