ఇమామ్ గజాలీ మాటకు సగం పఠనం

1973 నాటి ‘రో’ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టివేసి, గర్భస్రావాన్ని నిషేధించే అధికారాన్ని రాష్ట్రాలకు వదిలింది. ఆ చర్చలో ముస్లిం రచయితలు ఇరుపక్షాలా ఇమామ్ గజాలీ (రహ్మ) గారి ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ను సాక్ష్యంగా తెచ్చారు. ఇరువురి పఠనమూ లోపభూయిష్ఠమే.

వివాహ మర్యాదల ప్రకరణంలో ఇమామ్ గారు అజ్ల్‌కూ గర్భస్రావానికీ భేదం చూపారు. రెండవది ఉనికిలోకి వచ్చినదానిపై అపరాధమన్నారు. పిండం ఎదిగినకొద్దీ, ఆత్మ ఊదబడిన పిదప మరింతగా, దాని తీవ్రత హెచ్చుతుందన్నారు. నిషేధవాదులు ‘అపరాధం’ అన్న మాటను పట్టుకొని దశలను విడిచారు. అనుమతివాదులు దశలను పట్టుకొని, తొలిదశలో సైతం అది అపరాధమేనన్న సంగతిని విడిచారు.

అసలు ‘ఇహ్యా’ శిక్షాస్మృతి కాదు, హృదయ సంస్కరణ గ్రంథం. పాపమైన ప్రతిదానికీ ప్రభుత్వం ఒకే శిక్ష విధించాలని దానినుండి తీయరాదు. తల్లి ప్రాణానికి నిశ్చయంగా ముప్పు ఉన్నప్పుడు, పిండానికి ఆమే మూలం గనుక ఆమెనే కాపాడాలని అజ్‌హర్ పెద్ద షేఖ్ మహ్మూద్ షల్తూత్ వివరించారు. 2012లో ఐర్లండులో సవితా హలప్పనవర్, గర్భం నిలవదని తెలిసినా పిండం గుండె కొట్టుకుంటున్నదని గర్భస్రావం నిరాకరించబడి, రక్తం విషపూరితమై మరణించింది. ఇమామ్ గారి మాటను శాసనంగా మార్చదలచినవారు ముందుగా ఇటువంటి తల్లికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.